థేడీ తాత వయసు

డబ్లిన్ నుంచి వచ్చే రైలు ముప్పై అయిదు నిమిషాలు ఆలస్యమని ఐర్లండులో మాలో అనే ఊరి స్టేషనులో మైకు చెప్పింది. ఈటా క్రెమిన్ వచ్చి అప్పటికే పాతిక నిమిషాలైంది. డెబ్భై ఏళ్ళ మనిషి, ముప్పై నాలుగేళ్ళు ఫాదర్ గారి బంగళాలో వంటా ఇల్లూ చూసిన మనిషి, ఎక్కడికైనా ముందే వెళ్ళి కూర్చోవడం అలవాటు. ఇంట్లో ఉండి మాత్రం ఏం చేస్తుంది, రెండో గదిలో మంచం మీద దుప్పటి ఇప్పటికి నాలుగుసార్లు సర్దింది, కిటికీ అద్దాలు లోపలా బయటా తుడిచింది, పొద్దున్నే సోడారొట్టె కాల్చి గుడ్డ చుట్టి పెట్టింది. ఇక మిగిలింది చేతిసంచిలో నాలుగు మడతలు పెట్టిన కాగితమే. మంగళవారం లైబ్రరీలో తీయించుకున్న నకలు. దాన్ని చూపిస్తే, ఇప్పుడు ఆ రైల్లో వస్తున్న రోజలీ తనకు చుట్టం కాదు. చూపించకపోతే చుట్టమే. అంతే సంగతి, దీనికి నాలుగు రాత్రులు నిద్ర మానుకోవాలా అని తనను తానే కసురుకుంది. ఎదుటి బెంచీ మీద ఒకాయన పేపరు చదువుతూ గుర్రపు పందేల పేజీ దగ్గర ఆగిపోయాడు. చలి పెద్దగా లేదు గానీ అక్టోబరు గాలి పట్టాల వెంట వచ్చి చీలమండల దగ్గర తగులుతోంది.

రెండేళ్ళ కిందట రోజలీ ఎవరో కూడా తెలీదు. భూమికి అవతలి వైపు, న్యూజిలాండ్‌లో హోకిటికా అనే ఊరట, సముద్రం ఒడ్డున. ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసింది. భర్త పోయాడు, పిల్లల్లేరు, ఒక్కగానొక్క తమ్ముడుంటే అతనూ పోయాడు. తమ్ముడి సామాను సర్దుతుంటే అమ్మమ్మ కాలంనాటి బైబిలు దొరికిందట, దాని అట్ట లోపల సిరాతో రాసుంది: హాన్నా క్రెమిన్, గ్లౌన్‌బెగ్ పల్లె, డేనియల్ కూతురు, థేడీ చెల్లెలు. ఆ నాలుగు ముక్కలూ పట్టుకుని ఉత్తరం రాసింది, ఎవరి పేరూ తెలీక కవరు మీద 'గ్లౌన్‌బెగ్ చర్చి ఫాదర్ గారికి' అని రాసింది. కొత్త ఫాదర్‌కి నాలుగు ఊళ్ళు, ఆయనకు తన పూజలు తను గుర్తుపెట్టుకోవడమే కష్టం, పాత అలవాటు చొప్పున ఉత్తరం తెచ్చి ఈటా తలుపు సందులో వేసి పోయాడు. ఇంటి గడపలో నిలబడే చదివింది. గ్లౌన్‌బెగ్ తన పల్లె. క్రెమిన్ తన పేరు. థేడీ తన ముత్తాత పేరు. కోటు విప్పకుండానే వంటింట్లో కూర్చుండిపోయింది, కెటిల్లో నీళ్ళు మరిగి మరిగి ఆవిరైపోయాయి.

ఇలాంటి ఉత్తరాలు ఆమెకు కొత్త కావు. బంగళాలో పాత ఫాదర్ హార్ట్‌నెట్ ఉన్నప్పుడు వారానికి రెండు మూడు వచ్చేవి, ఆస్ట్రేలియా నుంచీ అర్జెంటీనా నుంచీ ఎక్కడెక్కడి నుంచో, అందరికీ ఒకటే కోరిక, మావాళ్ళెవరో చెప్పండి. ఆయన అల్పాహారం బల్ల దగ్గర కవరు చింపి రెండు వరుసలు చదివి, "ఈటా, ఇదిగో ఇంకొకరికి తాత కావాలట, చూసిపెట్టు" అని వెన్న కత్తితోనే అటు తోసేవారు. గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, బీరువాలోంచి జ్ఞానస్నానాల పుస్తకాలు తీసేది. తోలు అట్టలు, పురుగు తిన్న అంచులు, కలం మొరాయించినప్పుడల్లా సగంలో లావెక్కే లాటిన్ అక్షరాలు. మొదట్లో చదవడానికి కళ్ళు నొప్పి పుట్టేవి. తర్వాత ఏ ఫాదర్ ఏ ఏడు రాశాడో చేతిరాత చూసి చెప్పగలిగేది, ఎవరికి మందు అలవాటుందో కూడా. ఊరంతా ఆ బీరువాలో ఉంది. ఎవరు ఎవరిని కట్టుకున్నారు, ఏ పిల్ల పెళ్ళయిన అయిదో నెలకే పుట్టింది, అన్నీ తెలుసు, ఎవరికీ చెప్పలేదు. రాసిన వాళ్ళకు మాత్రం ఓపిగ్గా జవాబులు రాసేది, ఒకటే హెచ్చరిక ప్రతి ఉత్తరంలోనూ: 1911 జనాభా లెక్కల్లో వయసును నమ్మకండి.

నమ్మకూడదు మరి. అంతకు రెండేళ్ళ ముందే డెబ్భై దాటిన వాళ్ళకు ప్రభుత్వం పింఛను మొదలుపెట్టింది. పల్లెల్లో ఎవరికి పుట్టిన తేదీ కాగితం ఉంది? ఎవరికీ లేదు. అందుకని ఆఫీసర్లు అడిగేవాళ్ళట, పెద్దగాలి వచ్చిన రాత్రి నీకు గుర్తుందా అని. 1839లో దేశమంతా కప్పులు లేచిపోయిన రాత్రి అది. అది గుర్తుంటే డెబ్భై దాటినట్టే. ఇంకేముంది, ఐర్లండు ఐర్లండంతా ఆ రాత్రిని గుర్తు తెచ్చుకుంది. అప్పటికి ఇరవై ఏళ్ళ తర్వాత పుట్టిన వాళ్ళు కూడా తలుపు ఎటు ఎగిరిపోయిందో, తమ చేతిలో అప్పుడు ఏ బంగాళాదుంప ఉందో వర్ణించి చెప్పారు. ఒకసారి పింఛను రాశాక ఆ వయసే లెక్కల్లోనూ చెప్పాలి, లేకపోతే దొరికిపోతారు. పదేళ్ళలో మనుషులు ఇరవయ్యేళ్ళు ముసలివాళ్ళయిపోయారు. ఇది తలచుకుని ఈటా ఎన్నిసార్లు నవ్విందో, ఫాదర్‌కి చెబితే ఆయన టీ ఒలకబోసుకుని నవ్వారు. ఇతరుల తాతలు కదా, నవ్వొచ్చింది.

తన థేడీ తాతకీ అదే కథ. 1911లో డెబ్భై మూడు అని రాయించాడు. అంతకు పదేళ్ళ ముందు లెక్కల్లో యాభై అని ఉంది. ఇంకెవరికైనా అయితే చూసీ చూడగానే చెప్పేది, ఆ యాభయ్యే నిజం, ఈ డెబ్భై మూడు పింఛను వయసు అని. కానీ నాన్న చెప్పేవాడు, పొయ్యి దగ్గర కూర్చుని తన తాత పెద్దగాలి గురించి చెప్పే కథ: కప్పు లేచిపోతే వాళ్ళమ్మ తనను పిండి పీపాలో పెట్టి మూత మీద కూర్చుందట. నాన్న ఆ కథ చెప్పేటప్పుడు గొంతు మారేది. నాన్న అబద్ధం చెప్పడు. తాత నాన్నతో అబద్ధం చెప్పాడేమో అన్న ఆలోచన డెబ్భై ఏళ్ళ వయసులో తీరిగ్గా ఇప్పుడు, ఈ బెంచీ మీద వస్తోంది. పాపం, ఆఫీసరుకు ఒక్కసారి చెప్పిన అబద్ధాన్ని ఆ ముసలాయన చచ్చేదాకా సొంత మనవలకు కూడా చెప్పుకుంటూ బతకాల్సి వచ్చింది కాబోలు. చెప్పగా చెప్పగా ఆ పీపా చీకటి ఆయనకే గుర్తొచ్చేదేమో. పేపరాయన లేచి కాఫీ మిషను దగ్గరికి వెళ్ళి దాన్ని అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు, అది ఏమీ ఇవ్వలేదు.

గ్లౌన్‌బెగ్‌లో క్రెమిన్లు రెండిళ్ళ వాళ్ళు. కొండ మీద ఒక ఇల్లు, వంతెన దగ్గర ఒక ఇల్లు. ఊళ్ళో కొండ క్రెమిన్లు, వంతెన క్రెమిన్లు అంటారు, రెంటికీ మధ్య చుట్టరికం ఉందో లేదో ఎవరికీ తెలీదు, అడిగే వాళ్ళూ లేరు. ఈటాది వంతెన ఇల్లు. పాత పుస్తకంలో థేడీలు ఇద్దరున్నారు. ఒకడు డేనియల్ కొడుకు, 1838లో జ్ఞానస్నానం. ఇంకొకడు జాన్ కొడుకు, 1851లో. హాన్నా డేనియల్ కూతురు, అది బైబిల్లోనే ఉంది. కాబట్టి పెద్ద థేడీ ఏ ఇంటివాడో ఆ ఇల్లే రోజలీది. పెద్ద థేడీ తన ముత్తాత అయితే తన ముత్తాతా రోజలీ ముత్తవ్వా అన్నాచెల్లెళ్ళు. వయసు సరిపోయింది, డెబ్భై మూడు. పేరు కూడా సరిపోయింది: ఈ దేశంలో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు పెడతారు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, అది తప్పితే ఇంట్లో గొడవలే. తన తాత పేరు డాన్, అంటే డేనియల్. పెద్దకొడుకు. ఇంకేం కావాలి? వారం తిరక్కుండా జవాబు రాసింది. చివర ఏం రాయాలో తెలీక మూడు కాగితాలు చింపి, నాలుగో దానిమీద 'నీ అక్క, ఈటా' అని రాసి, మనసు మార్చుకునేలోపు వెళ్ళి డబ్బాలో పడేసింది.

అక్క అనిపించుకోవడం ఎలా ఉంటుందో అప్పటిదాకా తెలీదు. అమ్మకు తనొక్కతే, నాన్నకు తోబుట్టువులు లేరు, అమ్మ తరఫు వాళ్ళు ఇంగ్లండు వెళ్ళి కలిసిపోయారు. పందొమ్మిదో ఏట నాన్న పోయాక ఇంకెవరూ లేరు. ఇరవై మూడో ఏట బంగళాలో పనికి చేరింది, అక్కడ ముప్పై నాలుగేళ్ళూ ఎవరికో ఒకరికి వండిపెడుతూ, తలుపు తీస్తూ, ఫోను ఎత్తుతూ ఉంటే ఒంటరితనం అని ఒకటుంటుందని తట్టలేదు. ఫాదర్ హార్ట్‌నెట్ పోయాక ఆరు వారాల్లో గది ఖాళీ చేయమన్నారు. బంగళా అమ్మేశారు, ఇప్పుడందులో పళ్ళ డాక్టరు ఉంటున్నాడు. తనకు చర్చి వెనక వీధిలో కౌన్సిలు వాళ్ళు ఇల్లొకటి ఇచ్చారు, మంచి ఇల్లే, వెచ్చగా ఉంటుంది. మాంసం కొట్టులో రెండు ముక్కలు అడుగుతుంది, ఒకటి అడిగితే కొట్టతను జాలిపడతాడని. రెండోది మర్నాడు తింటుంది. జపమాల గట్టిగా చదువుతుంది, ఇంట్లో ఒక గొంతు వినపడాలి కదా. రోజలీ దొరికాక ఆదివారాలు మారిపోయాయి. సాయంత్రం ఏడింటికి ఫోను మోగుతుంది, ఇక్కడ ఆదివారం, అక్కడ అప్పటికే సోమవారం పొద్దు. అక్కా, మోకాలు ఎలా ఉంది? అక్కా, ఇవాళ ఏం తిన్నావు? ఏం తిన్నావని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి ఊరుకుంది. మొదటి ఆదివారం కంగారులో, తిననిదేదో తిన్నానని చెప్పింది.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది, ఎవరితోనూ అననిది. రోజూ తొమ్మిది గంటల వార్తలయ్యాక జిల్లా రేడియోలో చావు కబుర్లు చదువుతారు. ఊరూవాడా గిన్నెల చప్పుడు ఆపి వింటుంది. ఫలానా ఊరి ఫలానా వారు, ప్రశాంతంగా కన్నుమూశారు, భర్త, కొడుకులు, కూతుళ్ళు, మనవలు, అక్కచెల్లెళ్ళు, మేనల్లుళ్ళు, పేర్లు ఒక్కొక్కటీ, కొందరికి చదివే అమ్మాయికి ఊపిరి సరిపోదు. ఈటా టీ కప్పు పట్టుకుని తన కబురు తను చదువుకునేది. ఈటా క్రెమిన్, ఫాదర్ గారి బంగళాలో చాలాకాలం పనిచేశారు. ఆ తర్వాత ఏం లేదు. ఇరుగుపొరుగు వారు చింతిస్తున్నారు అంటారు, ఎవరూ లేని వాళ్ళకు ఆ మాట పెడతారు, అది విన్న ప్రతిసారీ ఊళ్ళో ఆడవాళ్ళు అయ్యో పాపం అంటారు. రోజలీ ఉత్తరం వచ్చిన తర్వాత ఆ కబురులో ఒక పేరు చేరింది: న్యూజిలాండ్‌లోని చెల్లెలు రోజలీ. చిన్న వాక్యమే. అది ఒకటుందంటే చావుకైనా భయం తగ్గినట్టే ఉండేది. మొన్న బుధవారం రేడియో పెట్టలేదు.

మంగళవారం లైబ్రరీకి ఎందుకు వెళ్ళింది? రోజలీయే పంపింది. బయల్దేరే ముందు ఆదివారం ఫోనులో, వంశవృక్షం ఒకటి చక్కగా రాయించి గోడకు తగిలించుకుంటానని, థేడీ తాత పెళ్ళి ఏ ఏడాదో కాస్త చూసి ఉంచమనీ చెప్పింది. అంతకు ముందొకసారి ఉమ్మి గొట్టంలో వేసి పంపితే రక్తం కలుస్తుందో లేదో చెప్పే పరీక్ష ఉందట అక్కా, సరదాకి చేయించుకుందామా అంటే, ఈ వయసులో నన్ను ఉమ్మమంటావా అని నవ్వులాటగా తప్పించుకుంది. పెళ్ళి తేదీ మాత్రం తప్పించుకునేది కాదు. సర్కారు పెళ్ళి కాగితాల్లో చర్చి పుస్తకాల్లో లేనిదొకటి ఉంటుంది, పెళ్ళికొడుకు తండ్రి పేరు. ఇప్పుడవన్నీ కంప్యూటర్లోనే, లైబ్రరీ అమ్మాయి చిటికెలో తీసి ఇచ్చింది. 1873, థేడీ క్రెమిన్, వయసు ఇరవై రెండు, వంతెన దగ్గర. తండ్రి: జాన్ క్రెమిన్, కూలీ. జాన్. లైబ్రరీ అమ్మాయి ఇంకేమన్నా కావాలా ఆంటీ అంటే వద్దమ్మా అని ఎంత మామూలుగా చెప్పిందో.

మంగళవారం తెలిసిందని నాలుగు రోజులుగా తనకు తను చెప్పుకుంటోంది. మంగళవారం కాదు. ఈ మాట ఒప్పుకోవడానికి ఈ రైలు ఇంత ఆలస్యం కావలసి వచ్చింది. రెండేళ్ళ కిందట, ఉత్తరం వచ్చిన మూడో రోజు, బంగళా అమ్మాక చర్చిలో పెట్టిన ఆ పాత పుస్తకం తెరిచి తాత డాన్ పేరు వెతుక్కుంది, 1875 ఆగస్టు, దొరికింది. వేలు పెట్టి చూసుకుంది. అక్కడితో పుస్తకం మూయవలసింది, చేయి ఊరుకోక ఒక పేజీ వెనక్కి తిప్పింది. 1874 ఫిబ్రవరి. థేడీ క్రెమిన్, భార్య బ్రిజెట్, గ్లౌన్‌బెగ్, కొడుకు. జాన్. పేజీ అడుగున, ఫాదర్ కలంలో సిరా అయిపోవస్తున్నప్పటి రాత. డాన్ కంటే ముందొక కొడుకు ఉన్నాడు. పెద్దవాడు వాడు. తండ్రి తండ్రి పేరు వాడికి పెట్టారు, డాన్‌ది తల్లి తండ్రి పేరన్నమాట. వాడు చూపుడు వేలంత పేరుతో, మా తాత జాన్, డేనియల్ కాదు అని చెబుతున్నాడు. ఈటా ఎంతసేపు చూసింది? రెండు క్షణాలు. మళ్ళీ పేజీ ముందుకు తిప్పేసింది. వాడు ఎనిమిది నెలలకే దగ్గుతో పోయాడని మంగళవారం నాడు చావుల పుస్తకంలో చూసింది. వాడి గురించి నాన్న ఎప్పుడూ చెప్పలేదు, నాన్నకీ తెలిసి ఉండదు. నూట నలభై ఏళ్ళుగా ఆ పసివాణ్ణి తలుచుకున్న వాళ్ళు లేరు. తలుచుకోవడానికి ఒక్కతి వచ్చింది, రక్తసంబంధం ఉన్న ఒకే ఒక్క మనిషి, వాడి పేరు చదవగలిగింది, చదివి మూసేసింది. ఎందుకు? భూమికి అవతల ఉన్న ఒకామె అక్కా అనాలని. వాడొక్కడే ఈటాకు నిజమైన చుట్టం ఆ పుస్తకంలో, వాణ్ణి తోసేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే రుమాలు తీసుకుంది, స్టేషనుల్లో ఏడ్చే వాళ్ళను ఎవరూ వింతగా చూడరు, అదొక సుఖం.

చూపించకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎవరికీ తెలీదు. రోజలీ రెండు వారాలు రెండో గదిలో పడుకుంటుంది, రొట్టె తింటుంది, థేడీ తాత సమాధి మీద పూలు పెడుతుంది, తిరిగి వెళ్ళి ఆదివారాలు ఫోను చేస్తుంది. ఇద్దరు ఎవరూ లేని ఆడవాళ్ళు. ఒకరికొకరు చుట్టాలమనుకుంటే ఎవరి సొమ్ము పోయింది? ఇక్కడిదాకా ఆలోచన బాగానే వస్తుంది, ఇక్కడ ఆగిపోతుంది. రోజలీకి ఎవరూ లేరన్నది అబద్ధం కనక. పెద్ద థేడీ, డేనియల్ కొడుకు, కొండ మీది ఇంటివాడు. పింఛను చూడకుండానే పోయాడు గానీ ఏడుగురు పిల్లల్ని కన్నాడు. ఇవాళ ఆ ఇంట్లో మోస్సీ క్రెమిన్, అతని భార్య బ్రెడా, అన్నదమ్ములు, ఆ పిల్లలు, పిల్లల పిల్లలు, నలభై మందికి తక్కువ ఉండరు. శనివారం మధ్యాహ్నం ఆ వంటింట్లో కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూర్చుని తింటారు. ఆవిడ పదకొండు వేల మైళ్ళు వస్తోంది, ఆవిడ నెత్తుటివాళ్ళు నలభై మంది స్టేషనుకి ఇరవై నిమిషాల దూరంలో బంగాళాదుంపలు ఒలుచుకుంటున్నారు. మధ్యలో తను నిలబడింది. ఈ కాగితం సంచిలో ఉంటే రోజలీ తనది, సంచిలోంచి బయటికొస్తే రోజలీ వాళ్ళది. ఎవరూ లేకపోవడం ఎలా ఉంటుందో ఊళ్ళో తనకంటే బాగా ఎవరికీ తెలీదు. తెలిసి కూడా. పోనీ, రెండు వారాలైనా. రెండు వారాలు ఉంచుకుని, వెళ్ళేటప్పుడు చెబుదాం. వెళ్ళాక ఉత్తరంలో రాద్దాం. ఒక్క ఆదివారం, మొహమొహాలు చూసుకుంటూ, ఒక్క ఆదివారం. అలా అనుకోగానే గుండె కాస్త తేలికపడింది. సంచి మూతి బిగించి కూర్చుంది.

రైలు వచ్చింది. తలుపులు తెరుచుకుని పదిమంది దిగారు, సైకిలుతో ఒకడు, పిల్లబండితో ఒకామె, వెనకాల బూడిదరంగు కోటు, నీలం పెట్టె. ఫోటోల్లో చూసిన మొహమే. ఈటా లేచి నిలబడి చెయ్యెత్తింది. ఆమె చూసింది, నవ్వింది, నడిచి రావడం మొదలుపెట్టింది. ఆ నడక చూసి ఈటా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కుడి భుజం ముందుకి, తల కాస్త వంచి, తోసుకుంటూ పోయే నడక. ముప్పై నాలుగేళ్ళు ప్రతి ఆదివారం చర్చిలో ఫాదర్ ఇచ్చే దివ్యసత్ప్రసాదానికి వరసలో వచ్చేవాళ్ళను బల్ల పక్కనుంచి చూసింది, కొండ క్రెమిన్లు వెనకనుంచి వస్తుంటేనే తెలిసిపోతుంది, మోస్సీ, అతని తండ్రి, అతని చెల్లెళ్ళు, ఏడేళ్ళ మనవరాలు కూడా, అందరిదీ ఆ నడకే. ఫోటోలు నడవవు కదా. కాగితం ఏమైనా చెప్పనీ, తన నడకేమిటో తెలియని ఒక మనిషి ఆ నడక నడుచుకుంటూ తన దగ్గరికి వస్తోంది. రెండు వారాలు కాదు, రెండు నిమిషాలు కూడా ఉంచుకోలేనని ఈటాకు అర్థమైంది.

రోజలీ పెట్టె వదిలేసి గట్టిగా కావలించుకుంది. ఆమె దగ్గర రైలు వాసనా, ఏదో సబ్బు వాసనా. "అక్కా," అంది, "అక్కా, వచ్చేశాను." ఆ కౌగిలిని ఈటా వదలలేకపోయింది, ఒకటి, రెండు, మూడు, పదిదాకా మనసులో లెక్కపెట్టుకుని వదిలింది. తర్వాత సంచి తెరిచి కాగితం చేతిలో పెట్టింది.

"రోజలీ, ఒక మాట చెప్పాలి, ఇక్కడే చెప్పాలి. నేను నీకు ఏమీ కాను. పొరపాటు పడ్డాను. మీ హాన్నావాళ్ళ ఇల్లు మాది కాదు, కొండ మీది ఇల్లు. వాళ్ళు ఉన్నారు. అందరూ బతికే ఉన్నారు."

రోజలీ కాగితం చూసింది, ఈటాను చూసింది. ఆమె మొహం ముందు చిన్నబోయింది. ఈటా చేతిని పట్టుకున్న వేళ్ళు బిగిశాయి, వదల్లేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఎంతమంది?"

"నలభై దాకా ఉంటారు."

"నలభయ్యా?" అంది. ఆ మొహంలో వెలుగు వచ్చింది, ఆపుకుందామని చూసింది, ఆపుకోలేకపోయింది. ఎదురుగా ఉన్న మనిషి బాధపడుతుందని తెలిసీ దాచుకోలేని సంతోషం. ఈటా దాన్ని చూసింది. ఇక చెప్పేదే ఉంటే అంతా చెప్పేద్దామని, "నాకు రెండేళ్ళ కిందటే తెలుసు. పుస్తకంలో చూశాను, చూసి పేజీ తిప్పేశాను" అంది. జీవితంలో ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకున్నప్పుడు కూడా అంత కష్టపడి చెప్పిన మాట లేదు. రోజలీ తల ఊపింది గానీ వినలేదు, ఆమె కళ్ళు స్టేషను గేటు అవతల రోడ్డు మీద ఉన్నాయి. వాళ్ళకు నేనొస్తున్నట్టు తెలుసా అని అడిగింది. తెలీదంది ఈటా. ఫోను తీసి మోస్సీకి చేసింది. నంబరు చూసుకోనక్కర్లేదు, ఊళ్ళో అందరి నంబర్లూ బంగళా రోజుల నుంచీ నోటికే వచ్చు.

మోస్సీకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక అటునుంచి గొంతు ఎంత పెద్దదయిందంటే ఈటా ఫోను చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. "హాన్నానా? ఉత్తరం రాయకుండా పోయిందని మా అమ్మ చచ్చేదాకా తిట్టేది, ఆ హాన్నానా? ఓ బ్రెడా, ఇంకో రెండు దుంపలు వెయ్యి, హాన్నా తిరిగొచ్చింది! ఆమెనివ్వు, ఈటా, ముందు ఆమెకివ్వు ఫోను." ఈటా ఇచ్చింది. రోజలీ అందుకోవడానికి ఆమె చెయ్యి వదిలింది.

రోజలీ ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత ఒక్కొక్కరి పేరూ తిరిగి పలుకుతూ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి వెళ్ళింది, అదే నడక. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఫోను మారుతున్నట్టుంది అటువైపు, పిల్లల కేకలు ఇక్కడిదాకా వినపడుతున్నాయి. రైలు ట్రెలీ వైపు కదిలి వెళ్ళిపోయింది. పేపరాయన కూడా అందులోనే వెళ్ళిపోయినట్టున్నాడు, బెంచీ ఖాళీగా ఉంది. ఈటా నీలం పెట్టె పక్కన నిలబడి ఉంది. ఎవరి సామానైనా ఎవరూ ఎత్తుకుపోకుండా చూడాలి కదా అని దాని పిడి మీద చెయ్యి వేసింది.

పది నిమిషాలకు రోజలీ తిరిగొచ్చింది. బుగ్గలు ఎర్రబడి, ఊపిరందక, ఫోను రెండు చేతులతో పట్టుకుని, ఎంతో ఆప్యాయంగా, నిజంగా ఎంతో ఆప్యాయంగా చెప్పింది.

"మావాళ్ళు నిన్ను కూడా భోజనానికి రమ్మంటున్నారు."

"వస్తాను," అంది ఈటా, "ఎందుకు రాను. కారు అటువైపు పెట్టాను, పద."